బొమ్మ పుటలోనికి వచ్చిన త్రోవ

అచ్చుపుటను చేతబట్టిన పాఠకుడు మొదట బొమ్మను చూచును. అక్షరములను తరువాత చదువును. కాని అచ్చుపనిలోని కష్టసుఖములు ఎరిగినవారిని అడిగినచో, అక్షరములు పుటలోనికి వచ్చుట సులభమే యనియు, బొమ్మను తెచ్చి వాని సరసన కూర్చుండబెట్టుటయే అయిదువందల యేండ్లుగా తెగని చిక్కు అనియు చెప్పుదురు. ఆ చిక్కులోని కడపటి ఘట్టమును గురించి ఈ ప్రసంగములో ముచ్చటింపదలచినాము. కంప్యూటరు మీద గీతలతో గీసిన బొమ్మ, కంప్యూటరు మీదనే కూర్చిన పుటలోనికి ఎట్లు చేరినది? ఆ ప్రయాణములో మన తెలుగు అక్షరమునకు ఏమి జరిగినది? దీనికి ముందు కథ ఒకటి ఉన్నది. అది చెప్పనిదే ఇది తెలియదు.

వెనీసు నగరమున ఆల్డస్ మనూషియస్ అను పండితుడైన ముద్రాపకుడు ఉండెడివాడు. 1499 లో ఆయన అచ్చువేసిన ఒక స్వప్నకథాగ్రంథములో 170 కి పైగా చెక్కబొమ్మలు ఉన్నవి. ఆ పుటలు నేటికిని కంటికి ఇంపుగా ఉండుటకు కారణము చాల మోటైనది. చెక్కబొమ్మలో సిరా అంటవలసిన గీత పైకి తేలి ఉండును. సీసపు అక్షరములోను అంతే. రెండింటిని ఒకే ఎత్తున నిలిపి, ఒకే చట్రములో బిగించి, ఒకే సిరా పూసి, ఒకే తోపుతో అచ్చు తీయవచ్చును. తరువాతి కాలమున ఇంగ్లండు, అమెరికా దేశములవారు ఈ ఎత్తును 0.918 అంగుళముగా స్థిరపరచుకొన్నారు. రాగిరేకు బొమ్మ చెక్కబొమ్మకంటె నాజూకైనది. కాని అందులో గీత లోపలికి దిగి ఉండును. దానికి వేరు యంత్రము, వేరు ఒత్తిడి కావలెను. అందువలన రాగిరేకు బొమ్మలు తరచుగా వేరు కాగితములపై అచ్చుపడి, పుస్తకము కుట్టునప్పుడు నడుమ చేరినవి. బొమ్మ అక్షరముతో ఒక జాతిది అయినప్పుడే పుటలో ఇమిడినది. కానప్పుడు అతిథివలె వచ్చి కూర్చున్నది.

మన ముద్రణశాలలలో 'బ్లాకు' అన్న మాట వినని పనివాడు ఉండెడివాడు కాడు. చిత్రకారుడు నల్లసిరాతో గీసిన బొమ్మను ఫోటో తీసి, ఆ ఛాయను జింకురేకుపై దింపి, గీత లేనిచోట రేకును ఆమ్లముతో తినిపించి, మిగిలినదానిని చెక్కదిమ్మపై కొట్టి అక్షరముల ఎత్తునకు తెచ్చెడివారు. బాపుగారి వంటివారి గీతకు అంత పదును ఉండుటకు వారి చేతివాటము మొదటి కారణమైనను, జింకుపై బూడిద వన్నెలు నిలువవన్న నిర్బంధము కూడ కొంత కారణమని మా అభిప్రాయము. ఆఫ్‌సెట్ ముద్రణ వచ్చిన పిమ్మట ఎత్తుల గొడవ తీరినది. అక్షరములు కాగితముపైననే వచ్చుచుండుటచే, బొమ్మను కత్తిరించి, జిగురు రాచి అంటించి, పుట మొత్తమును ఫోటో తీసిన చాలును. కత్తెరయు జిగురును చాల ఏండ్లు రాజ్యమేలినవి.

ఇక కంప్యూటరు మాట. బొమ్మను కంప్యూటరులో దాచు పద్ధతులు రెండు. మొదటిది, బొమ్మను వేలకొలది సన్నని గడులుగా విడగొట్టి, ఏ గడి నలుపో ఏది తెలుపో వ్రాసికొనుట. పెద్దది చేసినకొలది గడులు మెట్లుమెట్లుగా బయటపడును. రెండవదానికి వెక్టరు పద్ధతి యని పేరు. ఇది మన ఆడవారికి కొత్త కాదు. పొరుగింటి ముగ్గు నచ్చినప్పుడు వారు దానిని కొలిచి తెచ్చుకొనరు. "ఏడు చుక్కలు, నాలుగు వచ్చువరకు, సందు చుక్క" అని విని వచ్చి, తమ వాకిలి ఎంత ఉన్నదో అంతకు తగినట్లు వేసికొందురు. వెక్టరు బొమ్మయు అటువంటిదే; బొమ్మ కాదు, బొమ్మ వేయు విధానము. అందులోని వంపులకు ఆధారమైన గణితమును ఫ్రాన్సులో మోటారు కార్ల శరీరములు తీర్చుటకు కనిపెట్టినారు. సిత్రోయెన్ సంస్థలో పాల్ ద కాస్తెల్జో 1959 లోనే దానిని సాధించెను. కాని యజమానులు దానిని రహస్యముగా ఉంచినందున, 1960 దశకములో రెనో సంస్థలో అదే వంపును వాడి ప్రకటించిన పియెర్ బెజియే పేరే లోకమున నిలిచినది. రెండు కొనచుక్కలు, వంపును ఇటునటు లాగి పట్టు మరి రెండు చుక్కలు—ఇంతే బెజియే వంపు.

ఈ వంపులను అచ్చుపుటకు తెచ్చిన కథ విచిత్రముగా ఒక ఓడరేవు దగ్గర మొదలగును. ఓడ నడుపువారికి శిక్షణ యిచ్చుటకై న్యూయార్కు రేవును కంప్యూటరు తెరపై చూపు పనిలో, 1976 ప్రాంతమున జాన్ గాఫ్నీ యను నిపుణుడు, జాన్ వార్నాక్‌ పనిచేయుచున్న సంస్థలోనే, రూపములను వర్ణించు ఒక భాషను కల్పించెను. వార్నాక్ తరువాత జిరాక్సు సంస్థ పరిశోధనశాలలో చేరి, ఆ భావములనే అచ్చుయంత్రములకు మలచినాడు. అక్కడ తయారైన భాషను జిరాక్సు బయటికి విడువకపోగా, వార్నాక్, ఆయన పై అధికారి చార్లెస్ గెష్కి ఇద్దరును 1982 లో అడోబి సంస్థను స్థాపించినారు. వార్నాక్ ఇంటి వెనుక పారు సెలయేటి పేరు అది. 1984 లో వారి పోస్టుస్క్రిప్టు భాష వచ్చినది. గెష్కి తండ్రియు తాతయు అచ్చు బ్లాకులు తయారుచేయు వృత్తివారు. బ్లాకు చేసిన చేతుల సంతతివాడే బ్లాకు అక్కరలేని కాలమునకు తలుపు తెరచినాడు.

పోస్టుస్క్రిప్టులోని మూలసూత్రము ఒకటే: అక్షరము కూడ బొమ్మయే. 'క' అన్నను, కమలము అన్నను యంత్రమునకు కొన్ని చుక్కలు, కొన్ని వంపులు. ఆ విధానమును విని, తన శక్తికొలది గీయుట అచ్చుయంత్రము పని. 1985 లో 6,995 డాలర్లకు అమ్మిన ఆపిల్ లేజర్‌రైటరు అంగుళమునకు 300 చుక్కలతో గీసిన పుటనే, లినోట్రానిక్ 300 యంత్రము 2,540 చుక్కలతో ఫిల్ముపై గీయగలిగినది. వెనీసు చట్రములో చెక్కయు సీసమును ఒక ఎత్తున నిలిచినట్లే, ఇక్కడ బొమ్మయు అక్షరమును మరల ఒక జాతివి అయినవి.

అదే 1985 జులైలో పుటలను కూర్చు పేజ్‌మేకరు వచ్చినది. దానిని తెచ్చిన పాల్ బ్రెయినర్డు పత్రికారంగమున పనిచేసినవాడు. తన సంస్థకు వెనీసు ముద్రాపకుని తలచుకొని ఆల్డస్ అని పేరు పెట్టినాడు. పుట కూర్చుటకు సాధనము దొరికినది గాని, గీయుటకు ఇంకను లేదు. పోస్టుస్క్రిప్టు బొమ్మ కావలసినవాడు అంకెలు, ఆజ్ఞలు స్వయముగా టైపు చేయవలసి వచ్చెడిది. వార్నాక్ భార్య మార్వా చిత్రరచన వృత్తిగా గలవారు; ఆమె వంటివారు ప్రోగ్రాములు వ్రాయుచు కూర్చుందురా? 1987 లో వెలువడిన ఇలస్ట్రేటరు ఈ లోటు తీర్చినది. కాగితముపై గీసినదానిని తెర అడుగున పరచుకొని, దానిపై చుక్కలు నిలుపుచు వంపులు లాగుచు పోవచ్చును.

గీసిన బొమ్మను పుటలోనికి తెచ్చుటకు ఒక మూట కావలెను. దానికే ఇ.పి.ఎస్. అని పేరు. మూటలోపల ఉన్నది పోస్టుస్క్రిప్టు ఆజ్ఞల పాఠము. మూటపై నాలుగు అంకెలు వ్రాయబడి ఉండును. అంగుళమునకు 72 చొప్పున లెక్కించి, ఈ బొమ్మ ఇక్కడినుండి ఇక్కడివరకు స్థలము ఆక్రమించునని అవి చెప్పును. వెంట ఒక చిన్న నకలు బొమ్మ. పుట కూర్చు పేజ్‌మేకరు మూటను విప్పి చూడదు. నాలుగు అంకెలను చదివి అంత చోటు కేటాయించి, ఆపరేటరు కంటికి నకలును చూపి, అసలు మూటను భద్రముగా అచ్చుయంత్రమునకు అందించును. స్వరలిపిని మాత్రము పంపి, పాడుట గాయకునికి విడిచినట్లు. సొగసైన ఏర్పాటే, అయితే తెరపై కనబడునది నకలేగాని అసలు కాదన్న సంగతి మరువరాదు.

మేము మరచినాము. 2003 లో చదువు ముగించు వేళ మా మిత్రబృందము ఒక జ్ఞాపిక సంచికను వేయించినది. ముఖపత్రమునకు తోరణము, కలశము, వాని క్రింద సంచిక పేరు తెలుగులో—అన్నియు వెక్టరు బొమ్మగా గీయించి, ఇ.పి.ఎస్. మూట కట్టించి, పేజ్‌మేకరులో పెట్టించితిమి. తెరపై బాగున్నది. డి.టి.పి. వారి లేజరు ప్రూఫు బాగున్నది. ఫిల్ము తీయు మరియొక చోటికి పంపి, అటనుండి నేరుగా ప్లేటు చేయించి అచ్చు వేయించినారు. కట్టలు విప్పి చూతుము గదా, తోరణమును కలశమును చక్కగా ఉన్నవి. సంచిక పేరు ఉండవలసిన చోట రోమను అక్షరములు, కొక్కెములు, ప్రశ్నార్థకములు టైపు మిషను కొట్టినట్లు వరుసగా నిలిచి ఉన్నవి!

కారణము తరువాత తెలిసినది. మూటలో గీతలకు విధానము ఉన్నది. అక్షరములకు మాత్రము "ఫలానా ఫాంటు తెచ్చి గీయుము" అన్న ఆజ్ఞ మాత్రమే ఉన్నది. ఫిల్ము తీసినచోట ఆ ఫాంటు లేదు. లేనప్పుడు యంత్రము కొరియర్ అను టైపును వాడును. ఇంగ్లీషువానికి ఇట్టి పొరపాటు జరిగినచో అందము చెడును గాని మాట మిగులును. మనకు మాటయే పోవును. ఏలయనగా ఆనాటి తెలుగు ఫాంటులలో తలకట్టు, గుడి, కొమ్ము, వత్తు అన్నియు రోమను అక్షరముల స్థానములలో దాగి ఉండెడివి. వేషము తీసినచో లోపలినుండి రోమను లిపి బయటపడును. యూనికోడు ప్రమాణములో తెలుగునకు 1991 లోనే సొంత స్థానములు దొరికినను, మన డి.టి.పి. గదులలోనికి ఆ వెలుగు చాల ఆలస్యముగా వచ్చినది.

ఫిల్ము తీయు గుమాస్తా మమ్ము చూచి, "కర్వ్స్ చేయలేదా అండీ?" అని జాలిగా అడిగినాడు. అక్షరములను వంపులుగా మార్చివేయుటయే కర్వ్స్ చేయుట. అప్పుడు ఫాంటుతో పని లేదు; అక్షరము కలశమువలె బొమ్మయై పోవును. ఆ నాటినుండి మేమును కర్వ్స్ మతస్థులమైతిమి. కాని దీనికి వెల ఉన్నది. కర్వ్స్ చేసిన పేరులో దీర్ఘము తప్పినచో దిద్దుటకు వీలులేదు; మరల మొదటికి రావలెను. కంప్యూటరును ఆ పేరు వెదకమన్నచో దొరకదు, దానికి అది పేరు కాదు గనుక. మన భాషలో వెలువడిన గ్రంథశీర్షికలు, శుభలేఖలు, ప్రకటనలు ఎన్నో ఇట్లు కంటికి తెలుగై, యంత్రమునకు మూగవై ఉన్నవి.

తరువాతి చరిత్ర త్వరగా చెప్పవచ్చును. 1993 లో వచ్చిన పి.డి.ఎఫ్. ఫాంటును కూడ మూటలోనే పెట్టుకొనగలదు. 2001 లో ముద్రణకై ఏర్పడిన పి.డి.ఎఫ్.-ఎక్స్ ప్రమాణము అట్లు పెట్టితీరవలెనని విధించినది. 1994 లో ఆల్డస్‌ను అడోబి కొనివేసినది. 1999 లో ఇన్‌డిజైను వచ్చినది. 2001 నాటి ఏడవ కూర్పుతో పేజ్‌మేకరు ఆగినది గాని, మన ఆపరేటర్లు దానిని పిమ్మటను చాల కాలము విడువలేదు. 2000 లో ఇలస్ట్రేటరు బొమ్మలకు పారదర్శకత నేర్పుటతో ఇ.పి.ఎస్. వెనుకబడినది, ఒక రంగులోనుండి మరియొక రంగు కనబడుట దానికి తెలియదు. అప్పటినుండి ఇలస్ట్రేటరు తన బొమ్మలోనే ఒక పి.డి.ఎఫ్.ను దాచి ఉంచగా, ఇన్‌డిజైను దానిని నేరుగా తీసికొనుచున్నది. తెలుగు అక్షరములను సరిగా కూర్చు శక్తి ఇన్‌డిజైనునకు 2012 నాటి కూర్పుతో అందినది. ఇ.పి.ఎస్. లోపల ఉన్నది ప్రోగ్రాము గనుక దొంగలును దానిలో దూరగలరని గ్రహించి, 2017 లో మైక్రోసాఫ్టు తన ఆఫీసు సాధనములలో దానికి ప్రవేశము మాన్పినది. 2022 లో ఆపిల్ కంప్యూటర్లలోని ప్రివ్యూ కూడ దానిని తెరచుట మానినది. గెష్కి 2021 లోను, వార్నాక్ 2023 లోను కాలధర్మము చెందినారు.

మొన్న ఆ పాత జ్ఞాపిక సంచికను మరల అచ్చు వేయింతమని మిత్రులు కోరగా, ఆనాటి సి.డి.ని వెదకి తీసినాము. పేజ్‌మేకరు ఉన్న పాత కంప్యూటరును కూడ ఎట్లో సంపాదించినాము. ముఖపత్రము, రెండవమారు కర్వ్స్ చేయించి అచ్చు వేసినది, గీత చెదరక, సంచిక పేరు ఒక వత్తు కూడ పోక తెరపై నిలిచినది. లోపలి వ్యాసములలో ఎవరును ఏమియు కర్వ్స్ చేయలేదు. అవి సజీవములైన అక్షరములు. ఆ ఫాంటు ఎక్కడను దొరకలేదు. నూరు పుటల రోమను లిపి మా యెదుట పరచుకొన్నది. అచ్చుపడిన ప్రతి ఒకటి మా ఇంట ఉన్నందున, దానిని చూచుచు వ్యాసములను యూనికోడులో మరల టైపు చేయించుచున్నాము. ఇప్పటికి ముప్పది రెండు పుటలైనవి.