గుండ్రంగా తిరగని రైలు

రైలుబొమ్మను గుండ్రటి పట్టాల మీద పెట్టి వదిలితే మొదటి పది నిముషాలు బ్రహ్మాండంగా ఉంటుంది. పదకొండో నిముషానికి పెద్దవాళ్ళకి, పదిహేనో నిముషానికి పిల్లలకి విసుగొచ్చేస్తుంది. ఆ బండి ఎక్కడికీ పోవట్లేదు మరి. బయల్దేరిన చోటికే వస్తోంది. మావాళ్ళ భాషలో దాన్ని ఇన్ఫినిట్ లూప్ అంటారు :-)

ఈ విసుగుకి మందు కనిపెట్టడానికి కొంతమంది పెద్దమనుషులు తమ ఇళ్ళలోని నేలమాళిగల్లో ఏళ్ళకేళ్ళు కష్టపడ్డారు. చాలామంది దీన్ని డబ్బున్నవాళ్ళ పిచ్చి అని కొట్టిపారేస్తారు గానీ, నాకు మాత్రం ఆ చరిత్ర చాలా గొప్పగా అనిపిస్తుంది. ఎందుకో చెప్తాను, చదివి మీరే తేల్చండి.

ముందు కాస్త నేపథ్యం. 1891లో జర్మనీలోని లైప్జిగ్ సంతలో మార్క్లిన్ కంపెనీ రైలుబొమ్మల్ని ఒక వరస కొలతలతో అమ్మకానికి పెట్టింది. గేజికి ఒక నంబరు. ఈ ఏడాది కొన్న పట్టాలకి వచ్చే ఏడాది కొన్న పట్టాలు అతుక్కుంటాయి. అంటే బొమ్మ కాస్తా పెరిగే వ్యవస్థ అయింది. అమెరికాలో 1934లో మోడల్ రైల్‌రోడర్ పత్రిక మొదలైంది. మరుసటి ఏడాదే ఈ సరదా ఉన్నవాళ్ళంతా మిల్వాకీలో కలిసి ఒక జాతీయ సంఘం పెట్టుకున్నారు. ఒకరి పెట్టె ఇంకొకరి పట్టాల మీద నడవాలి, ఒకరి కొక్కెం ఇంకొకరి కొక్కేనికి తగలాలి కదా. అందుకని చక్రాలకీ పట్టాలకీ ప్రామాణిక కొలతలు రాసుకున్నారు. ఐఎస్ఓలు, ఆర్ఎఫ్‌సీలు చదివి తలనొప్పి తెచ్చుకునే మనలాంటివాళ్ళకి ఇదంతా తెలిసిన కథే.

కొలతలు కుదిరాయి. విసుగు మాత్రం అలాగే ఉంది. బండి గుండ్రంగానే తిరుగుతోంది.

అక్కడ దిగాడు ఫ్రాంక్ ఎలిసన్ అనే న్యూ ఆర్లియన్స్ ఆసామి. రంగస్థలం నుంచి వచ్చినవాడు. ఇంట్లో డెల్టా లైన్స్ అని ఒక రైల్వే కట్టుకున్నాడు. 1944లో మోడల్ రైల్‌రోడర్‌లో వరసగా వ్యాసాలు రాశాడు. స్థూలంగా ఆయన చెప్పిందేంటంటే, మీ లేఅవుటు ఒక నాటకరంగం, బళ్ళు అందులో నటులు, టైంటేబులే నాటకం. మన సురభి నాటకాలే తీసుకోండి. సెట్టింగులు ఎంత అద్భుతంగా ఉన్నా పాత్రలకి పని లేకపోతే ప్రేక్షకుడు లేచి పోతాడు. అలాగే ప్రతి బండికీ ఒక పని ఉండాలి. ఈ పెట్టె ఎందుకు కదులుతోంది? లోపల ఏముంది? ఎవరికి కావాలి? ఈ ప్రశ్నలకి జవాబుంటే బొమ్మ రైల్వే అవుతుంది, లేకపోతే బొమ్మగానే మిగిలిపోతుంది.

ఈ ఆలోచనని కొండంత పెంచినవాడు జాన్ అలెన్. వృత్తి ఫొటోగ్రఫీ, ఊరు కాలిఫోర్నియాలోని మాంటెరే. 1946లో ఒక బల్ల మీద పట్టేంత చిన్న లేఅవుటుతో మొదలుపెట్టాడు. దాని పేరు గోర్ అండ్ డఫెటిడ్. గట్టిగా చదివితే గోరీ అండ్ డిఫీటెడ్ అని వినిపిస్తుంది. అంటే నెత్తురోడి ఓడిపోయిన రైల్వే అన్నమాట. తరవాత పెద్ద ఇంటికి మారి, నేలమాళిగ అంతా పరిచేశాడు. పట్టాల మధ్య దూరం పదహారున్నర మిల్లీమీటర్లే, కొండలు మాత్రం నేల నుంచి కప్పు దాకా. ఇంజన్లకి మసి, పెట్టెలకి తుప్పు, ఇళ్ళకి వెలిసిన రంగు. కొత్తగా మెరిసే బొమ్మ అక్కడ కనపడదు. అన్నట్టు, షంటింగ్ చెయ్యడానికి ఒక స్టెగోసారస్ కూడా ఉండేది. పేరు ఎమ్మా. ఇంజను నంబరు 13!

ఇక్కడ చిన్న లెక్క చేద్దాం. ఈ సైజులో అన్నీ అసలులో 87వ వంతు. గదిలో మెలికలు తిప్పి 50 మీటర్ల లైను వేశామనుకోండి, నిజంలో అది నాలుగున్నర కిలోమీటర్లు కూడా ఉండదు. కాజీపేట నుంచి విజయవాడ దాకా సుమారు 200 కిలోమీటర్లు వెయ్యాలంటే రెండు కిలోమీటర్లు దాటిన పట్టాలు కావాలి. అంత ఇల్లు ఎవరికుంది? (ఇంకో తమాషా ఏంటంటే ఆ పదహారున్నర మిల్లీమీటర్లు విదేశాల స్టాండర్డ్ గేజికి లెక్క. మన బ్రాడ్ గేజి 1676 మిల్లీమీటర్లు కాబట్టి అదే కొలతలో పంతొమ్మిదికి పైగా రావాలి. మన ఇంజన్ల నమూనాలు ఆ పట్టాల మీద సన్నకాళ్ళ మీద నిలబడ్డట్టు కనిపించేది అందుకే.)

స్థలం పెంచలేం కాబట్టి ఆపరేటర్లు కాలాన్ని నొక్కేశారు. వేగంగా తిరిగే గడియారం పెట్టారు. మన ఒక గంటలో దానికి ఆరో పన్నెండో గంటలు గడుస్తాయి. టైంటేబులు ఆ గడియారాన్ని బట్టే. దాంతో నాలుగు కిలోమీటర్ల ప్రయాణానికి కూడా లేటు, క్రాసింగు, లూప్ లైన్లో ఎదురుచూపు అన్నీ వచ్చేశాయి.

నాకు అన్నిటికంటే నచ్చింది కార్డుల పద్ధతి. డగ్ స్మిత్ అనే ఆయన 1961 డిసెంబరు సంచికలో దాన్ని వివరించాడు. ఇప్పుడు వాడుకలో ఉన్న తీరు దాదాపు ఇలా ఉంటుంది. ప్రతి వ్యాగనుకీ ఒక కార్డు. ఆ వ్యాగను ఎక్కడికి పోవాలో రాసిన చీటీ ఆ కార్డులో ఉంటుంది. పెట్టెని బండికి తగిలిస్తే కార్డు బండి నడిపేవాడి చేతికొస్తుంది. స్టేషన్లో వదిలేస్తే అక్కడి డబ్బాలో పడుతుంది. డేటాబేసు లేదు, సర్వరు లేదు. మొత్తం రైల్వేలో ఏ పెట్టె ఎక్కడుందో ఏ ఒక్కరికీ పూర్తిగా తెలియక్కర్లేదు. ఎవడి చేతిలో కార్డు వాడు సరిగ్గా చూసుకుంటే చాలు, రైల్వే అంతా నడిచిపోతుంది. డిస్ట్రిబ్యూటెడ్ సిస్టమ్స్ పాఠాలకి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

అలెన్ కూడా ఒక పజిల్ ఇచ్చిపోయాడు. పేరు టైంసేవర్, 1972లో అచ్చయింది. అయిదు జతల పాయింట్లు, అయిదు పెట్టెలు, ఒక ఇంజను. చెయ్యి పెట్టి ఎత్తకుండా పెట్టెలన్నీ వాటి వాటి చోట్లకి చేర్చాలి. చూడ్డానికి పిల్లాట, దిగితే ఇంటర్వ్యూ ప్రశ్న.

ఇక అసలు సంగతి. 1973 జనవరి 6న అలెన్ గుండెపోటుతో పోయాడు. సరిగ్గా పది రోజులకి ఆ ఇంట్లో మంటలు రేగి, లేఅవుటు చాలావరకు కాలిపోయింది. ఇరవయ్యేడేళ్ళ పని. మిగిలింది ఆయన తీసిన ఫొటోలు, అక్కడక్కడా కొన్ని నమూనాలు. లిన్ వెస్ట్‌కాట్ సమకూర్చిన పుస్తకం 1981లో వచ్చింది గనక ఈ మాత్రమైనా తెలుస్తోంది.

అయితే ఇదంతా వృథాయేనా? ఈ ప్రశ్న మనకీ తగిలేదే. మనం రాసే కోడులో ఎంత భాగం పదేళ్ళ తరవాత ఎక్కడైనా నడుస్తూ ఉంటుంది? సర్వర్లు పీకేస్తారు, ప్రాజెక్టులు మూసేస్తారు. కొండలు కాలిపోవడానికి నిప్పే అక్కర్లేదు.

నా అభిప్రాయం ఇది. కాలింది ప్లాస్టరు. అలెన్ ఇంట్లో బళ్ళు నడపడానికి స్నేహితుల బృందమే వచ్చేది. అంత రైల్వేని ఒక్కడు నడపలేడు. యార్డులో ఒకడు, డిస్పాచరుగా ఒకడు, బండికొకడు ఉండాలి. వాళ్ళు నేర్చుకున్న పద్ధతులు వాళ్ళతోపాటు వేరే ఇళ్ళకి వెళ్ళాయి, అక్కణ్ణుంచి ఇంకో ఇళ్ళకి. పట్టాలు కాలినా ఆట మిగిలింది.

తరవాత సాంకేతికం మారింది. పాతకాలంలో పట్టాల్లో 12 వోల్టులు పంపితే వాటి మీదున్న ఇంజన్లన్నీ కదిలేవి. అందుకని లైనుని ముక్కలుగా కోసి, ముక్కకో స్విచ్చి పెట్టేవారు. జర్మనీలో లెంజ్ కంపెనీ తయారుచేసిన డిజిటల్ పద్ధతి 1990లలో ప్రమాణమైంది. ఇప్పుడు పట్టాల్లోనే ప్యాకెట్లు పోతాయి. ముందు కనీసం పద్నాలుగు ఒకట్లు, తరవాత ఇంజను చిరునామా, ఆజ్ఞ, చివర తప్పులు పట్టడానికి ఎక్సార్ బైటు. తన చిరునామా ఉన్న ప్యాకెట్టుకే ఇంజను స్పందిస్తుంది. ఇంత వచ్చినా చాలా ఇళ్ళలో ఇప్పటికీ అట్టముక్క కార్డులే నడుస్తున్నాయి. ఎలిసన్ అడిగిన "ఈ పెట్టె ఎందుకు కదులుతోంది" అన్న ప్రశ్నకి జవాబు ప్యాకెట్టులో ఉండదు, ఆ కార్డులోనే ఉంటుంది.

ఎవరికైనా ఈ సరదా ఉంటే నేనిచ్చే సలహా ఒకటే. కొండలూ సొరంగాలూ అయ్యాక బళ్ళు నడుపుదాం అని కూర్చోకండి. గోడకి ఒక నాలుగడుగుల చెక్క, రెండు సైడింగులు, ఓ అయిదారు వ్యాగన్లు చాలు. వ్యాగనుకో కార్డు రాయండి, పక్కింటాయన్ని పిలవండి. ఆయన టీ చల్లారిపోయినా చూసుకోకుండా షంటింగ్‌లో మునిగిపోయాడంటే మీ రైల్వే మొదలైనట్టే.