నాలుగో కీర్తన

కండక్టరు నా పక్కనున్న ఖాళీ సీటు వైపు చూసి, ఒకటేనా అన్నట్టు చూపుడువేలు ఎత్తాడు. నేనూ ఒక్క వేలే ఎత్తాను. నిన్న తెనాలిలో రైలెక్కిన దగ్గర్నుంచి ఈ ప్రశ్న ఎదురవడం ఇది నాలుగోసారి. చెన్నైలో ఆటో అతను అడిగాడు. ఎగ్మూరులో ఎక్కిన ఉళవన్ ఎక్స్‌ప్రెస్‌లో ఎదురు బెర్తు ఆవిడ అడిగింది. ఉళవన్ అంటే రైతు అని కూడా ఆవిడే చెప్పింది. తెల్లారకముందే తంజావూరులో దిగి టీ తాగుతుంటే కొట్టు పెద్దాయన అడిగాడు. నాకు నలభై ఆరేళ్లు. ఒక్కదాన్నే రాత్రి ప్రయాణం చేసి పరాయి ఊళ్లో దిగడం ఇదే మొదలు.

పాత బస్టాండులోంచి తిరువయ్యారు టౌను బస్సు బయటపడింది. కిటికీ అద్దం సగం వరకే దిగింది, ఆ సగంలోంచే చలిగాలి ముఖాన కొడుతోంది. వంతెనలు లెక్కపెట్టుకోవాలి. తిరు ఐ యారు, ఐదు నదుల పుణ్యస్థలం. వడవారు, వెణ్ణారు, వెట్టారు, కుడమురుట్టి, కావేరి. అమ్మ వేళ్లు మడుస్తూ ఈ పేర్లు చెప్పేది. తను ఎప్పుడూ చూడలేదు. వాళ్ల గురువుగారు చెబితే నేర్చుకుంది, రాగాల పేర్లు నేర్చుకున్నట్టే.

మొదటి వంతెన వచ్చేసింది. కింద నీళ్లు చీకట్లో కనపడలేదు గానీ చప్పుడు వినిపించింది. రెండోది దాటేసరికి వరిచేల మీద పొగమంచు తెల్లగా తేలింది. కావేరి వంతెన మీదికి వచ్చేటప్పటికి బస్సులో సగంమంది లేచి నిలబడ్డారు. పట్టుచీరల ఆడవాళ్లు, ఒళ్లో మృదంగం పెట్టుకున్న కుర్రాడు, గుడ్డసంచిలో తంబుర పెట్టుకున్న ఇద్దరు ఆడపిల్లలు. ఎవరూ మాట్లాడటం లేదు. వెనక సీట్లో ఎవరో సన్నగా ఆరభి తీస్తున్నారు.

మా ఆయన తనూ వస్తానన్నాడు, రెండ్రోజులు సెలవు పెడతానన్నాడు. వద్దన్నాను. ఆయన మీద కోపమేమీ కాదు. తోడుంటే నా చెవులు సగం ఆ మనిషి దగ్గరే ఉంటాయి: టిఫిను తిన్నాడా, ఎండ తగులుతోందా, విసుగ్గా ఉందేమో, లేచిపోదామా. ఈ ఒక్క పూట నా రెండు చెవులూ నాకు కావాలి.

బస్సు దిగి జనం వెంట నడిచాను. దారి అడగక్కర్లేదు, అందరూ ఒక్క చోటికే. ఇరుకు వీధులు, గుమ్మాల ముందు ముగ్గులు, పూలబుట్టలు, ఏ ఇంట్లోంచో నాదస్వరం. వీధి చివర కావేరి ఒడ్డున పందిరి, పందిరి కింద ఇసుక. ఇసుక మీద అప్పటికే జనం చాపలు పరుచుకుని కూర్చున్నారు.

ముందుగా నాగరత్నమ్మ దగ్గరికి వెళ్లాను. త్యాగయ్య సమాధికి ఎదురుగా ఆవిడ విగ్రహం ఉంది, చేతులు జోడించి ఆయన్నే చూస్తూ. త్యాగయ్య 1847లో పుష్య బహుళ పంచమి నాడు ఈ ఊళ్లోనే కన్నుమూశాడు. కాలం గడిచేసరికి సమాధి చుట్టూ ముళ్లకంపలు లేచాయి. గాయనిగా గొప్ప పేరున్న బెంగళూరు నాగరత్నమ్మ ఆ దుస్థితి సంగతి విని, 1921లో పని మొదలుపెట్టి, తను పాడి సంపాదించిన సొమ్ముతో ఈ గుడి కట్టించింది. కొన్నేళ్లకు ప్రతిష్ఠ జరిగింది. తీరా ఏటా ఆయన తిథికి ఇక్కడ జరిగే ఆరాధనలో ఆడవాళ్లు పాడకూడదన్నారు. కట్టించినావిడనే కాదన్నారు! 1927 నుంచి ఆవిడే ఆడవాళ్లను కూడగట్టి వేరుగా ఆరాధన జరిపించింది. ఆరాధన జరిపే వర్గాలన్నీ కలిసి ఒక్కటిగా పాడే రోజు 1940 ప్రాంతానికి గానీ రాలేదు. 1952లో ఆవిడ పోయింది. తన ఆస్తి ఈ సమాధికే రాసిచ్చింది, తనూ ఇక్కడే ఉండిపోయింది.

ఆ విగ్రహం ముందు నిలబడితే అమ్మే గుర్తొచ్చింది. అమ్మ ముప్పై ఏళ్లు మా ముందు వసారాలో పిల్లలకు సంగీతం చెప్పింది. ఏటేటా పుష్యమాసం రాగానే తిరువయ్యారు వెళ్లాలనేది. "ఆడమనిషివి, ఒక్కదానివీ ఎలా వెళ్తావు?" అనేవాడు నాన్న. చెడ్డవాడు కాదు. ఆయనకు తీరిక దొరికేది కాదు, ఆయన లేకుండా పంపే ధైర్యమూ లేదు. ఆయన రిటైరయ్యేనాటికి అమ్మ మోకాళ్లు అరిగిపోయాయి. అప్పట్నుంచి దూరదర్శన్‌లోనే చూస్తోంది. ఆరాధన పొద్దున తలంటుకుని, ఉతికిన చీర కట్టుకుని, టీవీ ముందు పీట వేసుకుని కూర్చుంటుంది. ఇంట్లో ఎవరూ పలకరించడానికి లేదు.

ఆడవాళ్ల వరుసల్లో చోటు వెతుక్కుంటుంటే ఒక పెద్దావిడ తన చాప కొసను కాస్త జరిపింది. డెబ్భై దాటి ఉంటాయి. చామంతి రంగు పట్టుచీర, ముక్కుకు రెండువైపులా రవ్వలు. "తెలుంగా?" అంది. అవునన్నాను. "నాకు తెలిసిన తెలుంగు అంతా త్యాగరాజర్ తెలుంగు" అంది, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ. మామీ అని పిలిచాను. ఆవిడ ముఖం విప్పారింది.

మామి ఒళ్లో అట్ట ఊడిన నోటుపుస్తకం ఉంది. ఒకసారి చూడొచ్చా అని సైగ చేస్తే ఇచ్చింది. పేజీ నిండా తమిళ అక్షరాలు. ఆ అక్షరాల కుడిపక్కన, కాస్త పైకి, చీమ తలకాయంత అంకెలు: 2, 3, 4. తమిళంలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకటే అక్షరం. అందుకని క పక్కన మూడు వేస్తే గ, నాలుగు వేస్తే ఘ. ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి మామి చెబుతుంటే, పెదవులు కదుపుతూ నేను కూడబలుక్కున్నాను. అంకెలతో కలిపి చదివితే తెలుగు! నా తెలుగే! యాభై ఏళ్ల కిందట రాసుకుందట, సిరా గోధుమరంగుకు తిరిగింది. ఒక్కచోట కూడా మూడు వేయాల్సిన దగ్గర నాలుగు వేయలేదు. మాకు పుట్టుకతో వచ్చిన ఒత్తుల్ని ఈవిడ లెక్కల్లా నేర్చుకుంది.

తొమ్మిదయింది. వేణువు మొదలైంది. అంతమంది జనంలో, గాలికి కొంచెం అటూ ఇటూ పోతూ, ఒక్క వేణువే. అది ఆగీ ఆగగానే త్యాగయ్య పంచరత్న కీర్తనల్లో మొదటిది, నాట రాగం లేచింది. పాడటం అనాలో, ఉప్పెన అనాలో. ఎన్ని వయొలిన్లో, ఎన్ని మృదంగాలో! ఇటు ఆడవాళ్లు, అటు మగవాళ్లు. అందరి చేతులూ ఒకేసారి తొడల మీద పడుతున్నాయి, ఆదితాళం. ఇసుకలోంచి ఆ దెబ్బ నా మోకాళ్లకు తెలిసింది. లోపల మూర్తికి అభిషేకం జరుగుతున్నట్టుంది, గంట వినపడుతోంది.

నా చెయ్యి తాళం వేస్తోందని కాసేపటికి గానీ గమనించలేదు.

పదిహేనో ఏట మానేశాను. ఇంటర్మీడియెట్, ట్యూషన్లు, తెల్లవారుజామున లెక్కలు. ఒక సాయంత్రం అమ్మ శ్రుతిపెట్టె తీసి పిలిస్తే, ఈ పాటలు ఎవరిక్కావాలి అన్నాను. అమ్మ ఏమీ అనలేదు. శ్రుతిపెట్టె తిత్తి నెమ్మదిగా మూసి, కొక్కెం పెట్టి, గుడ్డ కప్పింది. మర్నాటి నుంచి వేరే పిల్లలకే చెప్పింది. మేం మాట్లాడుకోవడం మానలేదు. పెళ్లి చేసింది, పురుడు పోసింది, ఆవకాయ పంపింది. పాట మాట మాత్రం మళ్లీ ఎత్తలేదు, ముప్పై ఒక్క ఏళ్లు.

రెండోది గౌళ. పుస్తకంలో మొదటి మాట మీదే మామి వేలు ఆగింది. "దుడుకు, అంటే?" అని నా చెవిలో అడిగింది. ఆ కీర్తనంతా తను చేసిన తప్పులన్నీ వరసగా ఏకరువు పెట్టి, ఇలాంటి నన్ను ఏ దొర కొడుకు కాపాడతాడని అడగడం. దాన్ని ఎలా చెప్పాలి? చిన్నప్పుడు అమ్మ నన్ను పిలిచిన పేరే అది. దుడుకు పిల్ల. చూడకుండా దూకేది, ఆలోచించకుండా మాట అనేసేది. చేతులతో ఏదో చూపించబోయాను. మామి కళ్లు పెద్దవి చేసి, "తుడుక్కు! ఎంగకిట్టయుం ఇరుక్కు!" అంది. మా దగ్గరా ఉంది అని. యాభై ఏళ్లుగా పాడుతున్న మాట తన ఇంటి మాటేనని ఇప్పుడు తెలిసిందావిడకు. నా చెయ్యి పట్టుకుని, చరణం పూర్తయ్యేదాకా వదల్లేదు.

ఆరభి వచ్చింది, కృష్ణుడి మీద దెబ్బలాట. అందరి ముఖాల్లోనూ నవ్వు. ఇది నాకు మొత్తం వచ్చు. గొంతు కలిపాను. మొదట బొంగురుగా, తర్వాత కాస్త నయంగా. పక్కన ఎవరూ తిరిగి చూడలేదు. ఇన్ని గొంతుల్లో తప్పు గొంతు కూడా మునిగిపోతుంది. ఇలా పాడటంలో ఉన్న దయ అది.

తర్వాత వరాళి.

చెయ్యి ఆపేశాను. పంచరత్నాల్లో నాకు రానిది ఇదొక్కటే. అమ్మ నేర్పలేదు. వరాళిని గురువు శిష్యుణ్ణి ఎదురుగా కూర్చోబెట్టుకుని నేర్పితే ఇద్దరికీ ఎడబాటు వస్తుందని సంగీతం ఇళ్లల్లో పాతకాలపు నమ్మకం. వినే పట్టుకోవాలి. నేను ఎంత మారాం చేసినా అమ్మ మూడో కీర్తన నుంచి అయిదోదానికి దాటేసేది. "నువ్వు నాకు శిష్యురాలివే కాదు, కూతురివి కూడా" అనేది. అంత జాగ్రత్త పడింది. ఎడబాటు వేరే దారిన వచ్చింది.

రాముణ్ణి చూసేకొద్దీ చూడాలనిపించే ఆ రుచిని గురించిన పాట ఇది. మిగతా నాలుగింటిలా దూకదు. నెమ్మదిగా నడుస్తుంది. వరాళి గాంధారం షడ్జానికి చాలా దగ్గరగా, రిషభాన్ని ఒరుసుకుంటూ ఉంటుంది. ఒక్క వెంట్రుకవాసి పైకి పోయినా రాగం చెడుతుంది. ఆ స్వరం దగ్గరికి వచ్చేసరికి ఇంతమందీ ఒకేసారి గొంతు తగ్గించారు. ఎవరూ చెప్పలేదు, దానంతటదే తగ్గింది. నాకు ఆ గాంధారం ఒళ్లంతా పాకింది. చిన్నప్పుడు వంటింట్లోంచి, కందిపప్పు ఉడుకుతున్న వాసనతో పాటు, నేను నిద్రపోతున్నాననుకుని అమ్మ పాడుకున్నది ఇదే. నేను వింటూనే ఉన్నాను. ఇప్పుడు పల్లవి రెండోసారి వచ్చినప్పుడు, తర్వాతి మాట ఏదో నాకు ముందే తెలుస్తోంది.

మామి పుస్తకం నా వైపు జరిపింది. నేను చదవలేనని తెలుసు ఆవిడకు. అయినా జరిపింది, పాడుతూనే ఒక్కో అక్షరం కింద గోరుతో గీస్తూ.

ఆఖరున శ్రీరాగం. తెలుగువాళ్లలో సంగీతం రానివాళ్లకు కూడా తెలిసినది. దాని గురించి నేను చెప్పేదేముంది? అందరూ పాడారు, నేనూ పాడాను. హారతి అయ్యాక జనం లేచి, కళ్లు తుడుచుకుని, ఇసుక దులుపుకున్నారు. మామి నా తల మీద చెయ్యి పెట్టి, ఒక పూలచెండు నా చేతిలో పెట్టి, కొడుకు భుజం పట్టుకుని వెళ్లిపోయింది. పేరు అడగలేదు. ఆవిడా అడగలేదు.

బజారులో అశోకా హల్వా ఆకులో పెట్టి ఇచ్చారు. పెసరపప్పుతో చేస్తారు ఇక్కడ, ఎర్రగా, నెయ్యి వేలి సందుల్లోంచి కారేట్టు. వేడిది నాలుక మీద పెట్టుకుంటే పప్పు పలుకు తెలియకుండా జారిపోయింది. అమ్మకని అరకిలో కట్టించుకున్నాను, నమిలే పనిలేదు కదా. ఒడ్డుకు వచ్చి మెట్ల మీద కూర్చున్నాను. కావేరి పలచగా పారుతోంది. ఫోన్ చేశాను.

"ఆడవాళ్ల వరుసలన్నీ వెతికానే. కెమెరా అటు తిప్పినప్పుడల్లా చూశాను. కనపళ్లేదు" అంది అమ్మ.

"వెనక వరుసలో ఉన్నానమ్మా, స్తంభం పక్కన."

కాసేపు ఏమీ అనలేదు. టీవీ ఇంకా మోగుతున్నట్టుంది, తర్వాత ఆగిపోయింది. "వరాళి విన్నావా?"

"విన్నాను."

"ఏదీ?"

ముప్పై ఒక్క ఏళ్ల తర్వాత అడిగింది. చుట్టూ ఎవరున్నారో చూడలేదు నేను. పల్లవి ఎత్తుకున్నాను. గాంధారం దగ్గర గొంతు పైకి జారింది. ఆగిపోయాను. అమ్మ తప్పు పట్టలేదు, ఇలా కాదు అలా అనలేదు. తనే పల్లవి ఒకసారి పాడింది, వణికే గొంతుతో, కానీ ఆ స్వరం మాత్రం ఉండాల్సిన చోటే.

"నేర్పుతున్నావా అమ్మా?" అన్నాను.

"లేదే. నేను పాడుకుంటున్నాను. నువ్వు విను."

మళ్లీ పాడుకుంది. విన్నాను. తను ఊపిరి తీసుకున్నప్పుడు నేను ఎత్తుకున్నాను. మూడోసారికి గాంధారం నిలిచింది. అవతల తాళం చప్పుడు వినపడింది, పీట మీద కాబోలు.

"సరే, ఎండెక్కుతోంది, బయల్దేరు" అంది. పెట్టేయబోతూ, "అవునూ, ఐదు వంతెనలూ ఉన్నాయా?" అని అడిగింది.

ఉన్నాయమ్మా, లెక్కపెట్టాను అన్నాను.