చెరువు చూసొద్దాం రండి



ఆదివారం వచ్చిందంటే చాలు, "అమ్మా, ఎక్కడికైనా వెళ్దాం" అని పిల్లలు కొంగు పట్టుకుంటారు. సినిమాకి వెళ్తే మూడు గంటలు చీకట్లో కూర్చోవాలి. బజారుకి వెళ్తే పర్సు ఖాళీ! ఆ మధ్య ఒక ఆదివారం పొద్దున్నే పులిహోర కలిపి, పెరుగన్నం డబ్బాలో సర్ది, "పదండి, ఇవాళ చెరువు చూసొద్దాం" అన్నాను. "చెరువులో ఏముంటుందమ్మా, నీళ్ళేగా!" అని మా చిన్నవాడు పెదవి విరిచాడు. నిజమే, నీళ్ళే. కాని ఆ నీళ్ళ వెనక ఉన్న కథ చెప్పడం మొదలుపెడితే ఆ పూట చాలలేదు. ఆ కథే ఇవాళ మీతోనూ చెప్పుకుందామని వచ్చాను.

మన సంగారెడ్డి, పటాన్‌చెరు పేర్లు చెబితే ఇప్పుడు ఎవరికైనా గుర్తొచ్చేవి ఫ్యాక్టరీ గొట్టాలు, లారీలు, షిఫ్టు బస్సులు. కాని పటాన్‌చెరు అన్న పేరును ఒక్కసారి నెమ్మదిగా పలికి చూడండి. చివర ఉన్నది చెరువే కదా! వెయ్యేళ్ళ కిందట పశ్చిమ చాళుక్యుల నాటి కన్నడ శాసనాల్లో కనిపించే పొట్టలకెరె ఈ ఊరేనని చరిత్రకారులు అంటారు. కన్నడంలో కెరె అన్నా, తెలుగులో చెరువు అన్నా ఒకటే. రాజ్యాలు మారాయి, భాష మారింది, ఊరి పేరులో నీళ్ళు మాత్రం అలాగే నిలిచాయి.

ఎందుకంత గట్టిగా నిలిచాయంటారా? మనది రాతి నేల. వాన కురిసేది నాలుగు నెలలు. ఆ నాలుగు నెలల నీటిని పట్టి ఉంచుకుంటేనే మిగిలిన ఎనిమిది నెలలు బతుకు. అందుకే మన పెద్దవాళ్ళు పల్లం చూసి మట్టికట్ట పోశారు. పొలాలకు నీళ్ళు వదలడానికి తూము పెట్టారు, ఎక్కువైన నీరు పొర్లిపోవడానికి మత్తడి కట్టారు. పై చెరువు మత్తడి దూకితే ఆ నీరు కింది చెరువులోకి, అక్కణ్ణుంచి మరో చెరువులోకి! వీటినే గొలుసుకట్టు చెరువులంటారు. కట్టను కాపాడమని కట్టమీద మైసమ్మను నిలుపుకున్నారు. బతుకమ్మ పండుగనాడు ఆడవాళ్ళు తలమీద పూలు పెట్టుకుని నడిచేది ఆ చెరువు దగ్గరికే. ఏ ఏడు నీరు ఎంతదాకా వచ్చిందో, ఏ మెట్టు మునిగిందో మగవాళ్ళకన్నా ముందు వాళ్ళకే తెలిసేది. చెరువుకి షికారు పోవడం కొత్త వేడుకేమీ కాదు సుమా! మనం మధ్యలో మానేసిన పాత అలవాటు.

పటాన్‌చెరు పక్కనే అమీన్‌పూర్ ఉంది కదా. అక్కడి పెద్ద చెరువు గోల్కొండను ఏలిన ఇబ్రహీం కుతుబ్ షా కాలం నాటిదని చెబుతారు. ఆయన పాలించింది 1550 నుంచి 1580 దాకా. అంటే హైదరాబాదు పుట్టకముందే ఆ చెరువు ఉందన్నమాట. చార్మినార్ వచ్చింది 1591లో!

ఆ తర్వాత హైదరాబాదు పెరిగింది. 1908 సెప్టెంబరులో మూసీ నదికి వచ్చిన వరద వేలాదిమందిని పొట్టన పెట్టుకుంది. అప్పుడు మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించి సలహా అడిగారు. నగరానికి పైనే వరదను ఆపేలా జలాశయాలు కట్టమన్నారాయన. అలా 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ పూర్తయ్యాయి. ఉస్మాన్ సాగరంటే మరేదో కాదు, మనందరికీ తెలిసిన గండిపేటే. వరద ఆపడానికి కట్టింది కాస్తా దాహం తీర్చింది, ఆ పైన స్కూలు పిల్లలకు పిక్నిక్ చోటు కూడా అయింది.

నగరం దాహం అంతటితో తీరలేదు. చూపు మన మంజీర మీద పడింది. మహారాష్ట్రలో బాలాఘాట్ కొండల్లో పుట్టి, కర్ణాటక మీదుగా మన జిల్లాలోకి వచ్చే నది ఇది. ఈ నది మీద దిగువన నిజాంసాగర్ 1931 నాటికే పూర్తయి నిజామాబాదు పొలాలకు నీరందించింది. సంగారెడ్డి దగ్గర కల్పగూరులో కట్టిన మంజీర బ్యారేజీ నుంచి 1965లో హైదరాబాదుకు మంచినీళ్ళు వెళ్ళాయి. ఆ తర్వాత ఎగువన సుమారు 30 టి.ఎం.సి.లు పట్టే సింగూరు జలాశయం వచ్చింది. అక్కడ ఎవరో కుళాయి తిప్పుకుంటే ఇక్కడ మన నది కదిలేదన్నమాట.

సింగూరుకూ కల్పగూరుకూ మధ్య నది పొడుగునా 1978లో మంజీర అభయారణ్యం ఏర్పాటు చేశారు. ఇక్కడి అసలు కాపురస్థులు మొసళ్ళు! నీటి మధ్య చిన్న చిన్న లంకలు, తుంగ పొదలు, చలికాలంలో ఎక్కడెక్కడి నుంచో దిగే కొంగలు, బాతులు. పిల్లలకు చూపించడానికి ఇంతకంటే ఏం కావాలి? అయితే ఒక్క మాట. అక్కడ దూరం నుంచి చూడాలే తప్ప కాళ్ళు కడుక్కుందామని నీళ్ళలోకి దిగకూడదు.

ఇంతవరకూ చెప్పింది సంతోషమైన కథ. చెప్పక తప్పని రెండో సగం కూడా ఉంది.

1970ల నుంచి పటాన్‌చెరు, బొల్లారం చుట్టూ పరిశ్రమలు వచ్చాయి. ఉద్యోగాలు వచ్చాయి, అందులో మన ఇళ్ళ మగవాళ్ళవీ ఉన్నాయి, కాదనను. కాని ఆ పరిశ్రమలు వాడి వదిలిన నీరు ఎటు పోవాలి? పల్లానికే పోయింది. కుంటల్లోకి, చెరువుల్లోకి, నక్కవాగులోకి, ఆ వాగు వెంట మంజీరలోకి. మనవాళ్ళు ముచ్చటపడి కట్టిన గొలుసే విషాన్ని ఒక ఊరి నుంచి మరో ఊరికి మోసింది. బావి నీళ్ళు రంగు మారాయి, పంటలు మాడాయి, పశువులు జబ్బుపడ్డాయి. 1990లో ఈ గోడు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. నష్టపోయిన రైతులకు పరిహారం ఇమ్మని కోర్టు చెప్పవలసి వచ్చింది. పటాన్‌చెరులో మందుల కంపెనీల నీటిని శుద్ధిచేసే కేంద్రం నుంచి బయటికి వచ్చే నీటిని స్వీడన్ శాస్త్రవేత్తలు పరీక్షించి 2007లో ఫలితాలు ప్రకటించారు. డాక్టర్లు మనకు రాసిచ్చే సిప్రోఫ్లాక్సాసిన్ ఆ నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. ఆ మాత్ర మింగిన రోగి రక్తంలో ఉండేదానికన్నా అది ఎన్నో రెట్లు ఎక్కువ! అలాంటి నీటిలో పెరిగిన క్రిములు మందుకి లొంగకుండా తయారైతే రేపు మన పిల్లలకు జ్వరం వచ్చినప్పుడు ఏ మాత్ర పనిచేస్తుంది?

ఒకే ప్రాంతంలో ఒక చెరువు బతికి, మరొకటి మురికిగుంట ఎందుకయింది? అమీన్‌పూర్ చెరువూ చిక్కిపోయింది, చెత్త చేరింది. కాని దానికి చూసేవాళ్ళు దొరికారు. పక్షుల్ని ఫొటోలు తీసేవాళ్ళు వచ్చారు. పోలీసు ఉన్నతాధికారిణి తేజ్‌దీప్ కౌర్ మేనన్‌గారు తన సిబ్బందితో ఆ చెరువును దత్తత తీసుకుని శుభ్రం చేయించారు. 2016లో దానికి జీవవైవిధ్య వారసత్వ స్థలమన్న గుర్తింపు వచ్చింది. దేశంలో నగరాల మధ్య ఉన్న చెరువుకు ఆ గౌరవం దక్కడం అదే మొదటిసారి. దానికీ ఆపదలు తీరిపోలేదు. కాని నలుగురి కళ్ళూ ఉన్న చెరువులో దొంగచాటుగా మట్టి పోయడం, మురికి వదలడం అంత తేలిక కాదు.

మనం పులిహోర డబ్బా పట్టుకుని వెళ్ళినంత మాత్రాన ఫ్యాక్టరీ నీరు ఆగుతుందా అంటారేమో. ఆగదు. దానికి చట్టాలు ఉన్నాయి, కోర్టులు ఉన్నాయి. కాని కోర్టుకి వెళ్ళడానికి ముందు ఎవరో ఒకరు "నీళ్ళ రంగు మారిందే!" అని గమనించాలి కదా. నక్కవాగు పక్క ఊళ్ళలో అలా ముందుగా గమనించింది రోజూ ఆ నీటితోనే పని ఉన్నవాళ్ళు. మనకిప్పుడు నీళ్ళు గొట్టంలో వస్తున్నాయి. చెరువుతో పని లేకపోయింది, చూడటమూ మానేశాం.

అందుకే నా మనవి. ఈసారి ఆదివారం సంగారెడ్డిలో ఉన్నవాళ్ళు మహబూబ్ సాగర్ కట్టమీదికి, పటాన్‌చెరు వైపువాళ్ళు అమీన్‌పూర్‌కి పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్ళండి. ఈ చెరువులోకి నీరు ఎటునుంచి వస్తోంది, తూము ఎక్కడుంది, మత్తడి దూకితే నీరు ఎక్కడికి పోతుంది, ఈ మూడూ వాళ్ళచేతనే కనిపెట్టించండి. తిన్న విస్తళ్ళు, ప్లాస్టిక్ సంచులు తిరిగి ఇంటికి తెచ్చుకోండి. మళ్ళీ ఏడాది అదే రోజుల్లో వెళ్ళి, నీరు ఎంత తగ్గిందో, కట్ట పక్కన కొత్తగా గోడ ఏమైనా లేచిందో చూడండి.

మా చిన్నవాడు ఆవేళ తిరిగొచ్చేటప్పుడు, "అమ్మా, మత్తడి దూకేటప్పుడు మళ్ళీ తీసుకొస్తావా?" అని అడిగాడు. వానలు పడగానే తీసుకెళ్తానని మాటిచ్చాను. మీరూ రండి, కట్టమీద కలుసుకుందాం.