అక్షరం కనబడితే చాలదు, వినబడాలి

ప్రత్యేక సంచికకు ఒక చరిత్ర వ్యాసం రాయమని సంపాదకవర్గం కోరింది. రాజుల కథలు కాక, కంప్యూటర్‌లో తెలుగు అక్షరం నడిచిన దారిని గురించి రాస్తున్నాను. కుత్బుల్లాపూర్, చింతల్, జీడిమెట్ల ప్రాంతాల్లో స్థిరపడిన మనలో అనేకులకు చూపు మందగించే వయసు వచ్చింది. కనుక ఇది మన అవసరానికి సంబంధించిన చరిత్రే.

తెలుగులో విజ్ఞానాన్ని ఒక క్రమంలో పెట్టాలన్న పూనిక పాతదే. 1906లో హైదరాబాదులో విజ్ఞాన చంద్రికా మండలి ఏర్పడింది. దాని స్థాపకులలో ఒకరైన కొమర్రాజు లక్ష్మణరావు పంతులుగారు తరువాత ఆంధ్ర విజ్ఞాన సర్వస్వానికి నడుం కట్టారు. అకారాది క్రమంలో మూడు సంపుటాలు వెలువడ్డాయి. 'అ' అక్షరం దాటకుండానే, 1923లో ఆయన కన్నుమూశారు.

కాలం మారి కంప్యూటర్ వచ్చింది. 1991లో భారతీయ ప్రమాణాల సంస్థ మన లిపులకు ఇస్కీ అనే సంకేతాలను ఖాయం చేసింది. అదే ఏడు వచ్చిన యూనికోడ్ మొదటి కూర్పులోనూ తెలుగుకు చోటు దక్కింది. అయితే డి.టి.పి. కేంద్రాల ఫాంట్లు చాలావరకు వేరే దారి పట్టాయి. ఇంగ్లీషు అక్షరాల సంకేతాలకే తెలుగు తలకట్లు, గుడులు, కొమ్ములు, ఒత్తులు అతికించారు. కాగితం మీద ముచ్చటైన తెలుగే. యంత్రం లోపల మాత్రం అర్థంపర్థం లేని ఇంగ్లీషు అక్షరాలు.

2001లో విండోస్ ఎక్స్‌పి, గౌతమి ఫాంటుతో సహా వచ్చాక యూనికోడ్ తెలుగు ఇళ్ళలోకి ప్రవేశించింది. 2003 డిసెంబరులో వెన్న నాగార్జునగారు తెలుగు వికీపీడియాకు శ్రీకారం చుట్టారు. పంతులుగారి సర్వస్వం 'అ' దగ్గర ఆగింది. ఇందులో వ్యాసాలు ఇప్పటికి లక్ష దాటాయి. ఇంగ్లీషు మీటలతోనే తెలుగు రాసుకునేందుకు వీవెన్‌గారి లేఖిని తోడయింది.

2006లో ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్ అనే చూపులేని యువకుడు ఎన్.వి.డి.ఎ. తయారీకి పూనుకున్నాడు. తెర మీద ఉన్నదాన్ని పైకి చదివి వినిపించే ఉచిత సాఫ్ట్‌వేర్ అది. దానితోపాటు వచ్చే ఇ-స్పీక్ గొంతు తెలుగు కూడా చదువుతుంది. పలుకు కాస్త యంత్రం పలుకే. చెవికి అలవాటైతే విషయం బోధపడుతుంది.

ఇక్కడే అసలు చిక్కు. పాత ఫాంటులో కూర్చిన ఫైలును దాని ముందు పెడితే, తెలుగుకు బదులు ఇంగ్లీషు గజిబిజి వినిపిస్తుంది. వెతికితే మాట దొరకదు, అకారాదిగా పేర్చమంటే కుదరదు. స్కాన్ చేసిన పుట అయితే యంత్రానికి అది ఫొటో మాత్రమే. టెసరాక్ట్ వంటి ఉచిత సాధనం తెలుగు అచ్చును గుర్తించి పాఠంగా మారుస్తుంది. తప్పులు మనమే దిద్దుకోవాలి.

చార్టుల సంగతీ ఇంతే. కరువు భత్యం పెరిగిన తీరును బొమ్మగా మాత్రమే ఇస్తే చూపులేనివారికి అందేది శూన్యం. లిబ్రె ఆఫీస్‌లో అంకెలను పట్టికగా ఉంచి, దాని నుంచే చార్టు గీయించి, పట్టికను కూడా పక్కన ఇస్తే చూసేవారికి చార్టు, వినేవారికి పట్టిక.

మన సంఘం బీరువాలో పాత సర్క్యులర్లు, వేతన ఒప్పందాలు, పెన్షన్ ఉత్తర్వులు, దివంగత సభ్యుల పరిచయాలు ఉన్నాయి. ఫలానా ఉత్తర్వు ఏ సంవత్సరానిదో చటుక్కున చెప్పగల పెద్దలు ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు. రేపు ఒక సభ్యుని భార్య కుటుంబ పెన్షన్ కోసం ఆ కాగితం అడిగితే వెతికి ఇవ్వగలగాలి. ఆమెకు చూపు ఆనకపోతే చదివి వినిపించగలగాలి.

కావున కార్యవర్గానికి మనవి: ఇకమీదట మన పత్రికను యూనికోడ్‌లోనే కూర్పించండి. పాత కాగితాలను ఏడాదివారీగా స్కాన్ చేయించి, పాఠంగా మార్పించండి. తప్పులు దిద్దే పనికి తీరిక ఉన్న సభ్యులం చాలామందిమి ఉన్నాం. మనుమలు, మనుమరాళ్ళు వారాంతంలో ఒక గంట కూర్చుంటే పని ఇంకా సులువవుతుంది. ముందుగా పెన్షన్ ఉత్తర్వులతో మొదలుపెట్టవలసిందిగా కోరుతున్నాను.