కట్టడానికి లెక్క ఉంది, కిరాయిదారుకు లేదు: సిన్సినాటి నడిబొడ్డు పునర్నిర్మాణంలో రెండు దశలు

సారాంశం

అమెరికాలోని మధ్యతరహా నగరాల డౌన్‌టౌన్‌లు గత డెబ్బై ఏళ్లలో రెండుసార్లు మారాయి. మొదటిసారి ప్రభుత్వం పాత పేటలను నేలమట్టం చేసింది. రెండోసారి, మిగిలిన పాత కట్టడాలను పన్ను రాయితీలిచ్చి బాగుచేయిస్తోంది. మొదటిది విధ్వంసమని, రెండోది దిద్దుబాటని చెప్పుకోవడం పరిపాటి. ఒహాయో రాష్ట్రంలోని సిన్సినాటి నగరాన్ని ఉదాహరణగా తీసుకుని ఆ అభిప్రాయాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. మొదటి దశ ఇళ్లను కూల్చింది గానీ వాటిలో ఉన్నవాళ్లను లెక్కపెట్టింది. రెండో దశ ఇళ్లను కాపాడింది గానీ వాటిలో ఉన్నవాళ్లను లెక్కలోకి తీసుకోలేదు. ఈ తేడాకు మూలం పాలకుల మంచిచెడ్డల్లో కన్నా, డబ్బు వచ్చే దారికి చట్టం పెట్టిన షరతుల్లో ఉందన్నది ఇక్కడి ప్రతిపాదన.

1. సమస్య స్వరూపం

అమెరికా నగరాల ఇళ్ల సమస్య అనగానే న్యూయార్క్, శాన్‌ఫ్రాన్సిస్కో అద్దెలు గుర్తొస్తాయి. అక్కడ చోటు చాలదు, మనుషులు ఎక్కువ. మధ్యతరహా పారిశ్రామిక నగరాల కథ దీనికి తలకిందులు. 1950లో క్లీవ్‌లాండ్ జనాభా 9,14,808. 2020 నాటికి 3,72,624. రోచెస్టర్ 3,32,488 నుంచి 2,11,328కి దిగింది. సిన్సినాటి 5,03,998 నుంచి 2010లో 2,96,943కి పడిపోయి, 2020లో 3,09,317కి చేరింది. 1950 తర్వాత ఒక జనగణనకూ మరో జనగణనకూ మధ్య ఆ ఊరి జనాభా పెరగడం అదే మొదలు.

జనం తగ్గిన ఊళ్లో పాత భవనాన్ని బాగుచేయడానికి అయ్యే ఖర్చు, బాగుచేశాక దానికి పలికే విలువ కంటే ఎక్కువ. బ్యాంకు అప్పివ్వదు. సొంతదారు మరమ్మతు మానేస్తాడు. కప్పు కురుస్తుంది, చివరికి నగరపాలక సంస్థే కూల్చివేత నోటీసు అంటిస్తుంది. ఖర్చుకూ విలువకూ మధ్య ఉన్న ఈ లోటును ఎవరో ఒకరు పూడ్చకపోతే నడిబొడ్డున ఒక్క ఇల్లు కూడా లేవదు. అందుకే ఈ నగరాల్లో డౌన్‌టౌన్ ఇళ్ల చరిత్ర అంటే ఆ లోటును ఎవరు, ఏ షరతు మీద పూడ్చారన్న చరిత్రే.

2. మొదటి దశ: కెన్యన్-బార్

1949 గృహనిర్మాణ చట్టం ఈ లోటుకు ఒక సూత్రం చెప్పింది. నగరం శిథిలమైన పేటను సేకరించి, కూల్చి, చదును చేసి ప్రైవేటు వాళ్లకు అమ్మితే వచ్చే నికర నష్టంలో మూడింట రెండు వంతులు ఫెడరల్ ప్రభుత్వం భరిస్తుంది. 1954లో బెర్మన్ వర్సెస్ పార్కర్ తీర్పులో సుప్రీంకోర్టు, పేట మొత్తంగా శిథిలమైతే అందులోని మంచి భవనాన్ని సైతం తీసుకోవచ్చని తేల్చింది. 1956 రహదారి చట్టం అంతర్రాష్ట్ర రహదారుల ఖర్చులో 90 శాతం తానే ఇస్తానంది. కూల్చడానికి, రోడ్డు వేయడానికి బయటి నుంచి డబ్బు వస్తోంది. ఉన్న ఇంటిని బాగుచేసుకోవడానికి అంత తేలిగ్గా రాదు. ఏ నగరమైనా ఏ దారి పడుతుందో ఊహించడం కష్టం కాదు.

సిన్సినాటి తన 1948 మాస్టర్ ప్లాన్‌లోనే డౌన్‌టౌన్‌కు పడమటనున్న వెస్ట్ ఎండ్‌పై గురిపెట్టింది. దాని దిగువ భాగానికి కాగితాల మీద కెన్యన్-బార్ అని పేరు. అక్కడి నుంచి కదిలించాల్సిన వాళ్లు 25,737 మంది. వాళ్లలో 97 శాతం నల్లజాతీయులు. కూల్చివేతకు ముందు, 1950ల చివర, నగర సిబ్బంది సుమారు 2,800 భవనాలను ఫోటోలు తీశారు. ఆ ఫోటోలు నేటికీ నగర చరిత్ర గ్రంథాలయంలో ఉన్నాయి. భవనం ముందు ఒక మనిషి నంబరు పలక పట్టుకుని నిలబడి ఉంటాడు. వెనక కిటికీ తెరలు, మెట్ల మీద పిల్లలు, దుకాణాల బోర్డులు కనిపిస్తాయి. శిథిలమని ముద్ర వేయడానికి తీసిన ఫోటోలే అక్కడ నిండైన బతుకు ఉండేదని ఇవాళ సాక్ష్యం చెబుతున్నాయి.

ఆ నేల మీద ఐ-75 రహదారి, గోదాములు, చిన్న పరిశ్రమలు వచ్చాయి. దానికి క్వీన్స్‌గేట్ అని కొత్త పేరు పెట్టారు. ఇళ్లు మాత్రం తిరిగి రాలేదు. కదిలిన కుటుంబాల్లో చాలామంది అవాన్‌డేల్, వాల్‌నట్ హిల్స్, ఓవర్-ది-రైన్ లాంటి పేటల్లో తలదాచుకున్నారు.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. 25,737 అన్న అంకె ఇంత కచ్చితంగా ఎందుకు దొరుకుతోంది? ఇళ్లు కోల్పోయే కుటుంబాలకు పునరావాస ప్రణాళిక చూపించమని 1949 చట్టం అడిగింది. ఆ ప్రణాళికల అమలు ఎంత నాసిరకంగా ఉన్నా, లెక్క రాయక తప్పలేదు. 2023లో మేయర్ ఆఫ్తాబ్ పురేవాల్, సిటీ కౌన్సిల్ కెన్యన్-బార్ కూల్చివేతకు అధికారికంగా క్షమాపణ చెప్పారు. ఎవరికి, ఎంతమందికి అన్యాయం జరిగిందో రికార్డు ఉంది కాబట్టే ఆ క్షమాపణకు ఒక రూపం వచ్చింది.

3. రెండో దశ: ఓవర్-ది-రైన్

డౌన్‌టౌన్‌కు ఉత్తరాన ఆనుకుని ఉన్న ఓవర్-ది-రైన్ ఒకప్పుడు జర్మన్ వలసదారుల పేట. వాళ్లు కట్టుకున్న ఇటాలియనేట్ శైలి ఇటుక భవనాలు వీధుల పొడవునా నిలిచే ఉన్నాయి. జర్మన్లు కొండల మీదికి వెళ్లాక అపలాచియా పేదలు వచ్చారు, తర్వాత వెస్ట్ ఎండ్ నుంచి తరిమిన నల్లజాతి కుటుంబాలు వచ్చాయి. 1983లో ఈ పేట జాతీయ చారిత్రక స్థలాల జాబితాకెక్కింది. 2000 జనగణన నాటికి అక్కడ మిగిలింది 7,638 మంది. భవనాలు వందల సంఖ్యలో ఖాళీ. 2001 ఏప్రిల్‌లో నిరాయుధుడైన ఒక నల్లజాతి యువకుడిని పోలీసు కాల్చి చంపడంతో అల్లర్లు రేగి, పెట్టుబడి పూర్తిగా ముఖం చాటేసింది.

2003లో నగర ప్రభుత్వం, స్థానిక పెద్ద కంపెనీలు కలిసి సిన్సినాటి సెంటర్ సిటీ డెవలప్‌మెంట్ కార్పొరేషన్‌ను నెలకొల్పాయి. అందరూ పిలిచే పేరు త్రీసీడీసీ. ఇది లాభాపేక్ష లేని సంస్థ. ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్, క్రోగర్ లాంటి కంపెనీల ప్రధాన కార్యాలయాలు ఈ ఊళ్లోనే ఉన్నాయి కాబట్టి, డౌన్‌టౌన్ పక్కనే పాడుబడిన పేట ఉండటం వాటికీ ఇబ్బందే. సంస్థ భవనాలను, ఖాళీ స్థలాలను వందల కొద్దీ కొంది, సారా దుకాణాలను కొని మూయించింది. వాషింగ్టన్ పార్కును కొత్తగా తీర్చిదిద్ది 2012లో తెరిచింది. 2016లో ట్రామ్ వచ్చింది. 2019లో క్రోగర్, సరిగ్గా యాభై ఏళ్ల విరామం తర్వాత, డౌన్‌టౌన్‌లో కిరాణా సూపర్‌మార్కెట్ తెరిచింది; దాని పైన 139 ఫ్లాట్లు. సరుకులకు కారెక్కి శివారుకు పోనక్కర్లేదంటే, ఆ చోట కాపురం పెట్టవచ్చని అర్థం.

4. పన్ను రాయితీ పనిచేసే తీరు

ఈ దశలో లోటు పూడ్చేది నేరుగా ఇచ్చే గ్రాంటు కన్నా ట్యాక్స్ క్రెడిట్. చారిత్రక భవనాన్ని బాగుచేస్తే, అర్హమైన ఖర్చులో 20 శాతాన్ని ఫెడరల్ ఆదాయ పన్ను నుంచి మినహాయించుకోవచ్చు. ఒహాయో రాష్ట్రం మరో 25 శాతం ఇస్తుంది. ఒక ఊహాత్మక లెక్క వేద్దాం. ఒక భవనానికి మొత్తం 2 కోట్ల డాలర్లు కావాలి. వచ్చే అద్దెను బట్టి చూస్తే అప్పు, సొంత పెట్టుబడి కలిపి 1.3 కోట్లకు మించదు. లోటు 70 లక్షలు. అర్హమైన ఖర్చు 1.5 కోట్లు అనుకుంటే ఫెడరల్ క్రెడిట్ 30 లక్షలు, రాష్ట్ర క్రెడిట్ 37.5 లక్షలు. డెవలపర్ వీటిని పన్ను భారం ఉన్న బ్యాంకులకో కంపెనీలకో ముఖవిలువ కంటే కాస్త తక్కువకు బదలాయించి నగదు చేసుకుంటాడు. లోటు దాదాపు పూడుతుంది. మిగిలినదానికి నగరం ఏళ్ల తరబడి ఆస్తి పన్ను మినహాయింపు ఇస్తుంది.

మినహాయింపు విషయంలో నగరం అంత ఉదారంగా ఉండటానికి ఒహాయో పన్నుల పద్ధతి ఒక కారణం. అక్కడి నగరాల ఖజానాకు సింహభాగం వచ్చేది జీతాల మీద వేసే నగర ఆదాయ పన్ను నుంచి. సిన్సినాటిలో ఆ రేటు 1.8 శాతం. ఆస్తి పన్నులో ఎక్కువ వాటా బడులది. అంటే మేయరు వదులుకునేది చాలావరకు బడుల సొమ్ము, రాబట్టుకునేది తన సొమ్ము. బడులకు కొంత పరిహారం ఇచ్చే ఒప్పందాలున్నా, బేరం మొగ్గు ఎటో స్పష్టమే.

ఇక షరతుల సంగతి. చారిత్రక క్రెడిట్ దరఖాస్తు మూడు భాగాలు. మొదటిది భవనం చారిత్రక విలువ, రెండోది చేయబోయే పని, మూడోది పని పూర్తయిందన్న ధ్రువీకరణ. కిటికీ చట్రాలు, మెట్ల కటకటాలు, ఇటుకల మధ్య సున్నం పూత దాకా ఫోటోలు జతచేయాలి. కొత్త కిటికీ పాతదాని వెడల్పుకు సరితూగకపోతే ఫైలు వెనక్కి వస్తుంది. అదే దరఖాస్తులో ఇళ్ల యూనిట్లు ముందు ఎన్ని, తర్వాత ఎన్ని, వాటిలో తక్కువ ఆదాయం వారివి ఎన్ని అని కూడా గళ్లున్నాయి. అయితే ఆ గళ్లలో ఏ అంకె పడినా క్రెడిట్ ఆగదు. అక్కడ ఉండేవాళ్లు ఎవరు, ఎటు వెళ్లారన్న ప్రశ్నకు అసలు గడే లేదు.

తక్కువ ఆదాయం వారి ఇళ్లకు 1986లో వచ్చిన వేరే క్రెడిట్ ఉంది. దానికి అద్దె పరిమితి, ఆదాయ పరిమితి, దశాబ్దాల ఒప్పందం ఉంటాయి. రెండింటినీ కలిపి వాడిన ప్రాజెక్టులూ ఉన్నాయి. అందువల్ల ఒక వీధిలో పక్కపక్కనే ఒకే కాలపు, ఒకే శైలి భవనాలు రెండు ఉంటే, ఒకదాంట్లో హోటల్లో వంటచేసే ఆమె, మరోదాంట్లో కంపెనీ లాయరు ఉండటానికి కారణం డెవలపర్ ఏ ఫారం నింపాడన్నదే కావచ్చు.

5. రికార్డుకెక్కని నిర్వాసితులు

త్రీసీడీసీ సమర్థకుల వాదనలో బలం ఉంది. కొన్న భవనాల్లో అధిక భాగం ఖాళీవి. ఎవరినీ బయటికి నెట్టలేదు. జనం వెళ్లిపోవడం దశాబ్దాల ముందే మొదలైంది. ఇవి చాలావరకు నిజమే. కానీ భవనం ఖాళీ అయిన తేదీ, సంస్థ దాన్ని కొన్న తేదీ ఈ రెండింటి మధ్యనే అసలు కథ జారిపోతుంది. పేదల అద్దెలో కొంత ఫెడరల్ ప్రభుత్వం భరించే సెక్షన్ 8 పథకం కింద భవనానికి ముడిపడిన సబ్సిడీ ఒప్పందాలు గడువు తీరాక సొంతదారు వాటిని వదులుకోవచ్చు. కిరాయిదారుకు వోచరు ఇస్తారు. మనిషికి సాయం అందుతుంది, పేటలో మాత్రం ఒక పేదల ఇల్లు తగ్గుతుంది. ఆ తర్వాత మరమ్మతులో రెండు మూడు చిన్న ఫ్లాట్లు కలిసి ఒక పెద్ద ఫ్లాటు అవుతుంది. ఏ ఒక్క అడుగూ తొలగింపు కాదు. జేవియర్ విశ్వవిద్యాలయానికి చెందిన ఒక కేంద్రం చేసిన అధ్యయనం ప్రకారం, 2002-2015 మధ్య ఓవర్-ది-రైన్‌లో అత్యల్ప అద్దె ఇళ్లు మూడు వేల పైచిలుకు నుంచి వెయ్యి లోపుకు పడిపోయాయి. ఇళ్ల సంఖ్య దొరికింది. వాటిలోంచి కదిలిన మనుషుల సంఖ్య చెప్పే రికార్డు మాత్రం ఏ కార్యాలయంలోనూ తయారు కాలేదు.

ఇందుకు విరుద్ధమైన ఉదాహరణ మెట్రోపోల్. వాల్‌నట్ వీధిలో, జహా హదీద్ రూపకల్పన చేసిన కళాకేంద్రం పక్కన, 1912 నాటి ఈ భవనంలో సెక్షన్ 8 సాయంతో పేదలు ఉండేవారు. 2009లో త్రీసీడీసీ దాన్ని కొంది. 2012లో అది కళాప్రదర్శనశాలతో కూడిన ఖరీదైన హోటలైంది. అద్దెకున్నవాళ్లు సంఘం కట్టారు, ఫిర్యాదుకు వెళ్లారు, చివరికి రాజీ కుదిరింది. వాళ్ల గొంతు వినిపించడానికి కారణం ఆ భవనానికి ఫెడరల్ ఒప్పందం ఉండటం. ఫెడరల్ నిధులతో జరిగే సేకరణకు 1970 పునరావాస చట్టం వర్తిస్తుంది. కేవలం ట్యాక్స్ క్రెడిట్‌తో నడిచే ప్రాజెక్టుకు వర్తించదు.

నిరాశ్రయుల వసతిగృహం డ్రాప్ ఇన్ సెంటర్ కూడా వాషింగ్టన్ పార్కు పక్కనే ఉండేది. 2015లో పురుషుల వసతిని గెస్ట్ వీధిలోని కొత్త భవనానికి తరలించారు. సదుపాయాలు మునుపటికన్నా మెరుగు, అందులో సందేహం లేదు. అయితే ఆ భవనం ఉన్నది క్వీన్స్‌గేట్‌లో, ఇళ్లన్నీ తీసేసి గోదాములకు వదిలిన చోట. మొదటి దశ ఖాళీ చేసిన నేల రెండో దశకు అక్కరకొచ్చింది.

6. ఆఫీసులు ఇళ్లవుతున్నాయి

కొవిడ్ తర్వాత ఇంటినుంచే పని అలవాటు కావడంతో ఆఫీసు టవర్లు ఖాళీ అయ్యాయి, జీతాల పన్నుకు గండి పడింది. ఇప్పుడు మార్పిడి అసలైన డౌన్‌టౌన్‌లోకి వచ్చింది. 1913 నాటి యూనియన్ సెంట్రల్ టవర్, మేసీస్ దుకాణాల కంపెనీ పాత ప్రధాన కార్యాలయం అపార్ట్‌మెంట్లుగా మారాయి. ఎక్కువగా పాత టవర్లే మారడానికి కారణం స్పష్టమే: ఎయిర్ కండిషనింగ్ లేని కాలంలో గాలి, వెలుతురు కోసం అంతస్తులను సన్నగా కట్టారు, ప్రతి గదికీ కిటికీ దొరుకుతుంది. 1970ల తర్వాతి విశాలమైన అంతస్తుల్లో నడిమి భాగం చీకటి, పడకగదికి పనికిరాదు.

ఈ మార్పిడిలో వెళ్లగొట్టాల్సినవాళ్లు లేరు. కాబట్టి పేదలకు వాటా అడగడానికి ఇదే అనువైన సమయం. కానీ ఏటా 5 కోట్ల డాలర్లు అందుబాటు ఇళ్ల నిధికి కేటాయించాలన్న సవరణను 2021 మేలో ఓటర్లు భారీ తేడాతో తిప్పికొట్టారు. నిధికి డబ్బు ఎక్కడినుంచి తేవాలో సవరణ తేల్చలేదని, ఇతర సేవలకు కోత పడుతుందని వ్యతిరేకులు వాదించారు. కొత్త నిధి సాధ్యం కాకపోతే, ఇప్పటికే పారుతున్న నిధికి షరతు పెట్టడమే మిగిలిన మార్గం.

7. ముగింపు

ఓవర్-ది-రైన్ భవనాలు నేల కూలకుండా నిలవడం చిన్న విజయం కాదు. ట్యాక్స్ క్రెడిట్ లేకపోతే అది జరిగేది కాదు. ఈ వ్యాసం అభ్యంతరం క్రెడిట్ మీద కాదు, దాని చూపు మీద. ప్రభుత్వం అడిగినదాన్ని డెవలపర్ చేస్తాడని కిటికీ చట్రాలే రుజువు చేశాయి. అడగని దాన్ని చేయడని అద్దె ఇళ్ల అంకెలు రుజువు చేశాయి.

కనుక చేయదగిన మార్పులు మూడు. దరఖాస్తులో ఇప్పటికే ఉన్న తక్కువ ఆదాయం ఇళ్ల గడిని కేవలం గణాంకంగా కాక ఆమోదానికి ప్రమాణంగా మార్చాలి. భవనం కొన్న రోజు నుంచి కాక, అంతకు కొన్నేళ్ల ముందు నుంచి అక్కడి కిరాయిల చరిత్ర జతచేయమనాలి. ఖాళీ చేయించి అమ్మే దారి అప్పుడు మూసుకుపోతుంది. ఆస్తి పన్ను మినహాయింపు గడువు పెరిగేకొద్దీ అందుబాటు ఇళ్ల వాటా పెరగాలి. వీటిలో మొదటిది ఫెడరల్ ప్రభుత్వం చేతిలో ఉంది, రెండోది రాష్ట్రం తన సొంత క్రెడిట్‌కు వెంటనే పెట్టుకోగలదు, మూడోది సిటీ కౌన్సిల్ తీర్మానంతో అయ్యే పని. మూడో దానితో మొదలుపెట్టవచ్చు.