అడ్డంకి ఎక్కడుంది? టెలివిజన్ నాటకంలో వికలాంగుల చిత్రణ

టెలివిజన్ ధారావాహికల్లో వికలాంగ పాత్రలు ఎన్ని ఉన్నాయన్న లెక్క చిత్రణ గురించి చెప్పేది తక్కువ. పాత్ర పడే కష్టానికి మూలం దేహంలో ఉందని కథ నమ్ముతోందా, చుట్టూ ఉన్న ఏర్పాట్లలో ఉందని నమ్ముతోందా అన్నదే గీటురాయి కావాలని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. పరిశీలనకు ప్రధానంగా బ్రిటన్‌ను తీసుకున్నాం. అక్కడి వికలాంగుల ఉద్యమం నేరుగా టెలివిజన్ మీదే తిరగబడింది. మూడు దశాబ్దాల తర్వాత ఆ తిరుగుబాటే టెలివిజన్ నాటకంగా వచ్చింది.

సిద్ధాంత భూమిక

యూనియన్ ఆఫ్ ది ఫిజికల్లీ ఇంపెయిర్డ్ అగైనెస్ట్ సెగ్రిగేషన్ అనే సంఘం 1976లో దేహలోపాన్నీ, దాని మీద సమాజం మోపే వైకల్యాన్నీ విడదీసి చూపింది. కాళ్లు కదలకపోవడం మొదటిది. మెట్లు తప్ప వేరే దారి లేకుండా బడి కట్టడం రెండోది. మైక్ ఆలివర్ 1980లలో ఈ ఆలోచనను ‘సామాజిక నమూనా’గా స్థిరపరిచారు. ఇదే దృష్టితో కాలిన్ బార్న్స్ 1992లో ప్రసార మాధ్యమాలను పరిశీలించి, తరచూ ఎదురయ్యే మూసలను వర్గీకరించారు. జాలిగొలిపే దీనులు, దుష్టులు, నవ్వులపాలయ్యేవారు, ఇంటికి భారమైనవారు, అసాధారణ సాహసులు వాటిలో కొన్ని. పొగడ్తలా కనిపించే చివరి మూసనూ ఆయన వదల్లేదు. పట్టుదల ఉంటే చాలని చెప్పే కథకు మెట్లు కట్టినవాళ్లను నిలదీసే పని ఉండదు.

ధారావాహిక నుంచి వీధిలోకి

బ్రిటిష్ ఛానల్ ఐటీవీలో 1964లో మొదలైన ధారావాహిక ‘క్రాస్‌రోడ్స్’లో శాండీ రిచర్డ్‌సన్ అనే యువకుడు 1970ల ఆరంభంలో ప్రమాదంలో నడక కోల్పోతాడు. ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి చక్రాల కుర్చీలోనే కథలో కొనసాగాడు. ప్రమాదంలో మంచాన పడ్డ పాత్ర అవసరం వేళకు లేచి నిలబడటానికి అలవాటుపడ్డ మన ప్రేక్షకులకు ఈ కొనసాగింపు విలువ తెలుస్తుంది. అయితే ఆ పాత్రను పోషించిన రోజర్ టాంజ్ అప్పటికి నడవగలిగిన నటుడు.

అదే ఐటీవీ 1988, 1990, 1992లలో ‘టెలిథాన్’ పేరిట భారీ విరాళాల కార్యక్రమాలు ప్రసారం చేసింది. ఇంటింటా జాలి పుట్టించి డబ్బు సేకరించే ఈ పద్ధతిని వికలాంగులే వ్యతిరేకించారు. బార్బరా లిసిక్కి, అలన్ హోల్డ్స్‌వర్త్ ముందుండి నడిపిన నిరసనలు 1990, 1992లలో లండన్ స్టూడియో ముందు జరిగాయి. 1992 తర్వాత ఐటీవీ మళ్లీ టెలిథాన్ పెట్టలేదు. ఉద్యమకారులు ఆపై తాము ఎక్కలేని బస్సులకు తమను తాము సంకెళ్లతో బంధించుకున్నారు. 1995లో వివక్ష నిషేధ చట్టం వచ్చింది. అది చాలదని వారిలో చాలామంది భావించారు.

ఈ చరిత్రనే బీబీసీ 2022లో ‘దెన్ బార్బరా మెట్ అలన్’గా ప్రసారం చేసింది. జాక్ థార్న్‌తో కలిసి రాసిన జెనెవీవ్ బార్ బధిరురాలు. ప్రధాన పాత్రధారులు రూత్ మాడ్లీ, ఆర్థర్ హ్యూజ్ ఇద్దరూ వికలాంగులే. ఇక్కడ బస్సు దగ్గర ప్రేక్షకుడు తప్పుపట్టేది బస్సునే, ఎక్కలేని మనిషిని కాదు. బార్బరా, అలన్‌లకు ప్రేమా ఉంది, కోపమూ ఉంది, నోటి దురుసూ ఉంది. ప్రేక్షకుల మెప్పు కోసం వారు సాధువులు కానక్కర్లేదు.

గీటురాయికి ఒక పరీక్ష

అమెరికన్ ధారావాహిక ‘బ్రేకింగ్ బ్యాడ్’ (2008–2013) ఈ ప్రతిపాదనను చిక్కుల్లో పెడుతుంది. కథానాయకుడి కొడుకు, సెరిబ్రల్ పాల్సీ ఉన్న వాల్ట్ జూనియర్‌ను అదే స్థితి ఉన్న ఆర్.జె. మిట్టే పోషించాడు. తొలి భాగంలో బట్టల కొట్టులో కొడుకును వెక్కిరించినవాడిపై తండ్రి తిరగబడతాడు. ఆ సన్నివేశంలో కొడుకు వైకల్యం తండ్రి తెగువను చూపడానికి వాడుకున్న సాధనం మాత్రమే. వైకల్య అధ్యయన పరిశోధకులు మిచెల్, స్నైడర్ 2000లో ‘కథన ఊతకర్ర’ అన్నది ఇలాంటి వాడకాన్నే. అయితే తర్వాతి కథలో కొడుకు వైకల్యం ఏ ప్రధాన సమస్యకూ మూలం కాదు. రెండో సీజన్‌లో క్యాన్సర్ సోకిన తండ్రి కోసం అతడే వెబ్‌సైట్ పెట్టి విరాళాలు అడుగుతాడు. జాలిని భరించలేక కుమిలిపోయేది తండ్రి. టెలిథాన్ తర్కం ఇక్కడ తలకిందులైంది. కనుక అడ్డంకి దేహంలోనా, సమాజంలోనా అనే రెండు ప్రశ్నలకు మూడోది చేర్చాలి: వైకల్యం అడ్డంకి ప్రసక్తి లేకుండానే పాత్ర జీవితంలో భాగం కాగలదా?

ముగింపు

ఇదే గీటురాయి నిర్మాణానికీ వర్తిస్తుంది. జాక్ థార్న్ 2021లో ఎడిన్‌బరో టెలివిజన్ ఉత్సవంలో చేసిన మెక్‌టాగర్ట్ ప్రసంగంలో టెలివిజన్ రంగం వికలాంగులను విస్మరించిన తీరును ఎండగట్టారు. తర్వాత సహచరులతో కలిసి స్టూడియోల్లో ప్రవేశ సౌకర్యాల కోసం ఒత్తిడి బృందాన్ని ప్రారంభించారు. మన దేశంలో సుప్రీంకోర్టు 2024 జూలైలో ‘ఆంఖ్ మిచోలీ’ సినిమాకు సంబంధించిన తీర్పులో దృశ్య మాధ్యమాలకు మార్గదర్శకాలు ఇస్తూ, మూస చిత్రణలకు దూరంగా ఉండాలనీ, చిత్రణలో వికలాంగుల భాగస్వామ్యం ఉండాలనీ సూచించింది. ఆ సూచనను తెలుగు ధారావాహికలకు వర్తింపజేయాలంటే పాత్రల విశ్లేషణతో ఆగకూడదు. కథా చర్చలో ఎవరు కూర్చుంటున్నారు, సెట్‌లోకి చక్రాల కుర్చీ వెళ్లే దారి ఉందా అన్నవీ పరిశోధకుడు అడగాలి. తెరమీది అడ్డంకిని ఎక్కడ చూపాలో నిర్ణయమయ్యేది అక్కడే.