నాలుగువందల మందికి ఒకే లేఖ

కొంతకాలము క్రిందట మేమొక తప్పు చేసితిమి. రాబోవు నెల కార్యక్రమముల వివరములను ఈమెయిల్ వార్తాలేఖగా శ్రోతలకు పంపుచు, అందరి చిరునామాలను గ్రహీతల వరుసలోనే చేర్చితిమి. ప్రతి శ్రోతకును తక్కిన వారందరి చిరునామాలు కనబడినవి. మరునాడొక వృద్ధ శ్రోత, “అయ్యా, నా చిరునామా మీకిచ్చితిని గాని ఊరందరికిని పంచుమంటినా?” అని వ్రాసిరి. మాకు మాట తోచలేదు. ఈ తప్పు మాతోనే పుట్టినదా యని చరిత్రను తిరుగవేయగా, ఈమెయిల్ ద్వారా పెక్కుమందికి ఒక్కసారిగా పంపిన తొలి వ్యాపార ప్రకటనగా చెప్పబడు లేఖలోనే ఇది కనబడినది.

1971లో రే టామ్లిన్సన్ అను ఇంజనీరు, అమెరికా రక్షణశాఖ ధనముతో నడచుచున్న అర్పానెట్ మీద ఒక కంప్యూటరునుండి మరియొక దానికి లేఖ పంపి చూపెను. ఆ వలలోని వారు చాలవరకు విశ్వవిద్యాలయములకును పరిశోధనశాలలకును చెందినవారు. వారి పేర్లును చిరునామాలును ఒక ముద్రిత పుస్తకములో దొరకెడివి. ఒకరినొకరు ఎరిగిన చిన్న ఊరు వంటిదది. చిరునామా దాచుకొనవలెనను తలంపే లేదు.

1978 మే నెల తొలి దినములలో ఆ యూరిలో దండోరా మ్రోగినది. డిజిటల్ ఈక్విప్‌మెంట్ కార్పొరేషన్ అను సంస్థలో విక్రయ ప్రచారము చూచుచుండిన గ్యారీ థూర్క్, తమ క్రొత్త కంప్యూటర్లను లాస్ ఏంజలెస్‌లో మే 9న, సాన్ మేటియోలో మే 11న ప్రదర్శింపదలచెను. ఒక్కొక్కరికి వేరువేరుగా వ్రాయనేల యని, ఆ పుస్తకమునుండి పడమటి తీరమువారి చిరునామాలు దాదాపు 400 ఏరి, సహోద్యోగిచే టైపు చేయించి, అందరికిని ఒకే లేఖ పంపెను. ఎవరును కోరినది కాదు. ఇక వలదని చెప్పుటకు దారియు లేదు.

లేఖ పంపు సాధనము 320 చిరునామాలకు మించి పట్టలేదు. మిగిలినవి కుండలో పాలు పొంగినట్లు పొర్లి లేఖ నడుమకు వచ్చి పడినవి. విషయమునకు ముందు అంతులేని చిరునామాలు, ఆపై పెద్ద అక్షరములలో ప్రకటన! పొర్లిపోయిన వారికి లేఖయే అందలేదు. వారికి మరల పంపవలసివచ్చెను.

అర్పానెట్ ప్రభుత్వ కార్యములకే యని అధికారులు తీవ్రముగా మందలించిరి. రిచర్డ్ స్టాల్‌మన్ అను ప్రోగ్రామరు మాత్రము, తనకా లేఖ రాలేదు గాని వచ్చినను బాధ యుండెడిది కాదని మొదట వాదించెను. ఎవరో దాని ప్రతి పంపగా చూచి, తన మాటను వెనుకకు తీసికొనెను. ఆయనకు సహింపరానిదైనది వ్యాపారము కాదు, అంత పొడవైన చిరునామాల వరుస! థూర్క్ మాత్రము ఆ లేఖవలన కోటి డాలర్లకు మించిన అమ్మకములు జరిగినవని తరువాతి కాలమున చెప్పుకొనెను. పంపినవాని లాభము లెక్కకు వచ్చినది; చదివినవారి విసుగునకు లెక్క వ్రాసినవారు లేరు. తరువాతి అనర్థములకు మూలమిదే యని మా అభిప్రాయము.

విరుగుడు మెల్లగా వచ్చెను. 1986లో పారిస్‌లో చదువుచుండిన ఎరిక్ తోమా, లిస్ట్‌సర్వ్ అను సాధనమును వ్రాసి, పట్టికలో చేరుటయు విడుచుటయు చదువరి చేతికే ఇచ్చెను. 2003 నాటి అమెరికా చట్టము, వలదన్నవారి పేరును 10 పనిదినములలో తొలగింపవలెననియు, పంపువారి తపాలా చిరునామా లేఖలో ఉండవలెననియు విధించెను. 2024 ఫిబ్రవరి నుండి జీమెయిల్, తమ ఖాతాలకు దినమునకు 5000కు పైగా లేఖలు పంపువారు ప్రచార లేఖలలో ఒక్క నొక్కుతో విడిపోవు ఏర్పాటు చేయవలెనని నియమించినది.

మా తప్పునకు విరుగుడు మాత్రము ఇంతకంటె పాతది. బీసీసీ అను మూడక్షరములలో చివరి రెండును కార్బన్ ప్రతిని సూచించునవి. టైపు యంత్రముల నాడు, రహస్యముగా ప్రతి పొందువారి పేరు అసలు లేఖమీద పడనిచ్చెడివారు కారు. ఆ గడి మా కంప్యూటరు తెరమీద మొదటినుండియు ఉన్నది, మేమే చూడలేదు.

క్షమాపణ లేఖలను ఒక్కొక్కరికి వేరుగా పంపితిమి. పట్టికనుండి పేరు తొలగింపవలెనా యని ఆ వృద్ధ శ్రోతను అడిగితిమి. వలదనిరి, ఆదివారపు నాటకము వేళ మారిన సంగతి ముందుగా ఎందుకు తెలుపలేదని మాత్రము అడిగిరి.